బ్రహ్మచారి, పెళ్లికానివాడు: ఏ మాట ఎక్కడ రాయాలి

అయ్యప్ప మాల వేసుకున్న స్వామికి ఇంట్లో భార్య ఉంటుంది, బడికెళ్లే పిల్లలుంటారు. ఆ 41 రోజులూ ఆయన బ్రహ్మచారి. చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, వాటితోపాటు బ్రహ్మచర్యం. అదే వీధిలో ఇంకొకాయనకు ముప్పై ఆరేళ్లు. పెళ్లి చేసుకోకుండా తను ఇష్టపడ్డ అమ్మాయితో సహజీవనం చేస్తున్నాడు. ఈయన పెళ్లికానివాడే గాని బ్రహ్మచారి కాదు. అయినా ఆ వీధిలో బ్రహ్మచారి ఎవరని అడిగి చూడండి, అందరూ ఈ రెండో ఆయన్నే చూపిస్తారు.

తిరకాసంతా ఇక్కడే ఉంది. తెలుగులో ‘బ్రహ్మచారి’ అనే ఒక్క మాట రెండు బరువులు మోస్తోంది. పెళ్లి కాలేదనే సంగతి ఒకటి, స్త్రీపురుష సంబంధానికి దూరంగా ఉండే నియమం ఇంకొకటి. కబుర్లలో ఇది చెల్లిపోతుంది. అఫిడవిట్‌లో, అనువాదంలో, వార్తలో, ఆసుపత్రి కేసు షీటులో చెల్లదు. అక్కడ ఏ మాట వాడాలో తేల్చుకునే పద్ధతి ఇది.

ముందు క్రియ కలిపి చూడండి

బ్రహ్మచర్యాన్ని పాటిస్తారు. అది తప్పుతుంది, భంగమవుతుంది. అంటే అది మనిషి పూని చేసే పని. దానికి గడువు ఉండొచ్చు: ఒక రాత్రి, ఒక మండలం, ఏడాది, బతికినంత కాలం. పెళ్లి కాకపోవడాన్ని మాత్రం ఎవరూ ‘పాటించరు’. అది జరగని సంగతి, అంతే. జరిగిన క్షణాన ఆ స్థితి పోతుంది.

పోయాక మళ్లీ రాదు. ఎక్కువమంది తప్పు రాసేది దీని దగ్గరే. విడాకులు తీసుకున్న మనిషి మళ్లీ అవివాహితుడు కాడు, విడాకులు పొందినవాడు అవుతాడు. భార్య పోయినవాడు విధురుడు అవుతాడు. కానీ వీళ్లిద్దరిలో ఎవరైనా రేపటి నుంచి బ్రహ్మచర్యం పట్టొచ్చు, ఎల్లుండి మానుకోనూ వచ్చు. ఒకటి ఎన్నిసార్లయినా తిరిగి మొదలుపెట్టగలిగేది. రెండోది ఒక్కసారే చేజారేది.

మీరు రాసిన వాక్యంలో ఆ మాట తీసేసి ‘నియమం పాటిస్తున్నాడు’ అని పెట్టి చూడండి. అర్థం నిలిస్తే బ్రహ్మచారి అని ఉంచండి. ‘పెళ్లి కాలేదు’ అని పెట్టినప్పుడే అర్థం నిలిస్తే అవివాహితుడు అనో పెళ్లికానివాడు అనో మార్చండి. ‘కొత్తగా చేరిన ఇంజినీరు బ్రహ్మచారి, హాస్టల్లో ఉంటున్నాడు’ అన్న వాక్యంలో నియమం మాటెక్కడా లేదు. మార్చాల్సిందే.

పెళ్లి మాటను కూడా ఏ క్రియతో ముగిస్తున్నారో చూసుకోవాలి. ‘పెళ్లి కాలేదు’ అంటే కుదరలేదన్న ధ్వని ఉంది. ‘పెళ్లి చేసుకోలేదు’ అంటే తన నిర్ణయం. ‘పెళ్లి చేసుకోకుండా ఉండిపోయింది’ అంటే వెనక ఏదో కథ ఉందని చదివేవాళ్లు అనుకుంటారు, లేకపోయినా సరే. ఒక శాస్త్రవేత్త గురించో గాయని గురించో పరిచయం రాసేటప్పుడు కారణం తెలియకపోతే ‘అవివాహిత’ అనే రాయండి. పొడిమాటే, అందుకే అది ఏ పక్షమూ వహించదు. అబ్దుల్ కలాం గురించి ‘బ్రహ్మచారి రాష్ట్రపతి’ అన్నదానికన్నా ‘అవివాహితుడైన రాష్ట్రపతి’ అన్నది కచ్చితం. ఆయనకు పెళ్లి కాలేదన్నది అందరికీ తెలిసిన విషయం, రాయగలిగింది అంతవరకే.

పెళ్లయ్యాక బ్రహ్మచర్యం, పెళ్లి కాకున్నా కానిది

రెండు ప్రశ్నలు విడివిడిగా వేయాలి: పెళ్లయిందా? నియమంలో ఉన్నారా? జవాబులు నాలుగు రకాలుగా వస్తాయి. పెళ్లయి నియమం లేనివాళ్ల గురించి చెప్పుకోవడానికేమీ లేదు, మామూలు సంసారులు.

పెళ్లయి నియమంలో ఉన్నవారికి గాంధీ మంచి ఉదాహరణ. 1883లో కస్తూర్బాతో పెళ్లి. 1906లో దక్షిణాఫ్రికాలో ఉండగా బ్రహ్మచర్య వ్రతం పట్టారు. 1944లో కస్తూర్బా కన్నుమూసేదాకా ఇద్దరూ భార్యాభర్తలే. రామకృష్ణ పరమహంస, శారదాదేవి 1859లో పెళ్లాడి కూడా బ్రహ్మచర్యంలోనే ఉన్నారు. వీళ్లెవరినీ అవివాహితులు అనలేం. గాంధీని బ్రహ్మచారి అంటే తప్పు కాకపోయినా చదివేవాళ్లు తికమకపడతారు కాబట్టి ‘బ్రహ్మచర్య వ్రతం పట్టిన గృహస్థు’ అని విడమరచి రాయాలి. పెళ్లయి నియమంలో ఉండే ఈ రకాన్ని శాస్త్రం కూడా ఒప్పుకుంటుంది. వానప్రస్థంలో భార్య వెంటే ఉన్నా నియమం నియమమే. మనుస్మృతి మూడో అధ్యాయం ఇంకో మెట్టు ముందుకెళ్లి, నిషిద్ధమైన రాత్రులు విడిచిపెట్టిన గృహస్థు ఏ ఆశ్రమంలో ఉన్నా బ్రహ్మచారే అంటుంది. ఎనిమిదిమంది పట్టమహిషులున్న కృష్ణుణ్ణి నిత్యబ్రహ్మచారి అనగలగడం ఈ లెక్కనే.

పెళ్లి కాక, నియమమూ లేనివాళ్లకు సహజీవనం తేలికైన ఉదాహరణ. బరువైనది జోగిని. దేవతకిచ్చి పెళ్లి చేశామంటారు. చట్టం లెక్కలో ఆమెకు భర్త లేడు. కానీ ఆ ఆచారం పేరుతో జరిగింది ఊరి పెద్దల దోపిడీ. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి దాన్ని నిషేధించింది. జోగిని గురించి రాసేటప్పుడు ‘దేవుడికి అంకితమై బ్రహ్మచారిణిగా’ అని ఎవరైనా రాస్తే అది భాషాదోషంతో ఆగదు, అబద్ధం అవుతుంది.

పెళ్లీ లేక, నియమమూ ఉన్నవాడు భీష్ముడు. అతని ప్రతిజ్ఞలో రెండూ ఉన్నాయి. రెండు మాటలూ అతనికి సరిపోతాయి. ఈ రెండూ ఒకటేనన్న భ్రమ రావడానికి ఇలాంటి వాళ్లే కారణం కావచ్చు.

హనుమంతుడి సంగతి చూడండి. అస్ఖలిత బ్రహ్మచారి అని కొలిచేది ఆయన్నే. సువర్చలా సమేతంగా కల్యాణం చేసేదీ ఆయనకే. తెలుగునాట జ్యేష్ఠ శుద్ధ దశమినాడు ఈ కల్యాణం జరిపే ఆలయాలున్నాయి. సూర్యుడి దగ్గర మిగిలిన వ్యాకరణాలు నేర్వాలంటే గృహస్థు కావాలి గనుక తపస్విని అయిన సూర్యపుత్రికను పెళ్లాడాడనీ, బ్రహ్మచర్యం చెడలేదనీ కథ. నమ్మకం సంగతి అటుంచితే, మన భాష ఈ రెంటినీ ఎప్పుడో విడదీసి చూసిందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక తోడు దగ్గర లేక ఒంటరిగా ఉన్నవాళ్లు. జగిత్యాల నుంచో కడప నుంచో గల్ఫ్ వెళ్లిన మనిషి రెండేళ్లకోసారి ఇంటికొస్తాడు. ఆ రెండేళ్ల ఎడబాటు బ్రహ్మచర్యం కాదు. అక్కడ నియమం లేదు, వీలు లేదు అంతే. పాత తెలుగులో దీనికి సూటిగా ఒక మాట ఉంది: ఘోటక బ్రహ్మచర్యం. ఘోటకం అంటే గుర్రం. ఆడగుర్రం దొరక్క ఊరుకున్న గుర్రంలాగా అని. సంస్కృతంలో దీన్నే తురగ బ్రహ్మచర్యం అన్నారు. ఇప్పుడు ఘోటక బ్రహ్మచారి అంటే వయసు మీరినా పెళ్లికాని మగవాణ్ణి ఆటపట్టించే మాటగా మిగిలింది, ముదురు బెండకాయ లాగే. అసలు అర్థం తెలిసినవాళ్ల ముందు వాడితే మాత్రం గట్టిగానే తగులుతుంది.

మాట ఎక్కణ్ణుంచి వచ్చింది

బ్రహ్మ అంటే ఇక్కడ వేదం. వేదాధ్యయనంలో నడిచేవాడు బ్రహ్మచారి. ఉపనయనంతో ఆ దశ మొదలవుతుంది. ఎనిమిదేళ్ల వటువుకు మౌంజి (ముంజగడ్డి మొలతాడు) కట్టి, దండం చేతికిచ్చి, భిక్ష అడిగించడంతో బ్రహ్మచారి అవుతాడు. అంతకుముందు ఆ పిల్లవాడు పెళ్లికానివాడే, కానీ ఇంకా బ్రహ్మచారి కాడు.

చివరి అంచు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. బ్రహ్మచర్యం ముగిసేది పెళ్లితో అని చాలామంది అనుకుంటారు. కాదు, స్నాతకంతో. పెళ్లిరోజు పొద్దున స్నాతకం చేయిస్తారు కదా, అప్పటితో చదువు పూర్తయి బ్రహ్మచారి స్నాతకుడయ్యాడు. విశ్వవిద్యాలయాల ‘స్నాతకోత్సవం’ ఈ మాటే. ఆ వెంటనే కాశీయాత్ర. గొడుగు, చేతికర్ర, పావుకోళ్లతో వరుడు బయల్దేరతాడు, బావమరిది బెల్లం చేతబట్టి అడ్డుపడి, మా అక్కను చేసుకో బావా అని వెనక్కి తెస్తాడు. స్నాతకానికీ సప్తపదికీ మధ్య ఉన్న ఆ కొన్ని గంటలు వరుడు బ్రహ్మచారి కాడు, గృహస్థూ కాడు, పెళ్లికానివాడు మాత్రం నిశ్చయంగా అవును. మొత్తం తికమకను విడగొట్టి చూపించే గంటలవి.

బ్రహ్మచారుల్లోనూ రెండు తరగతులు. చదువు ముగించి, గురుదక్షిణ ఇచ్చి, గృహస్థు కాబోయేవాడు ఉపకుర్వాణుడు. బతికినంత కాలం ఆ నియమంలోనే ఉండేవాడు నైష్ఠికుడు. శబరిమల ఆలయంలోకి ఆడవాళ్ల ప్రవేశం గురించిన కేసులో 2018 సెప్టెంబర్ 28న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా, వచ్చాక కూడా, వాదమంతా తిరిగింది అయ్యప్ప నైష్ఠిక బ్రహ్మచారి అన్న మాట చుట్టూనే. అక్కడ ‘పెళ్లికాని దేవుడు’ అని రాస్తే ఆ వాదం పాఠకుడికి అర్థమే కాదు. మఠాల్లో ఇంకో వాడుక ఉంది. రామకృష్ణ మఠంలో బ్రహ్మచారి అన్నది సన్యాస దీక్షకు ముందు మెట్టు. ఫలానా బ్రహ్మచారి అని అక్కడ పేరుతో కలిపి రాశారంటే అది హోదా. దాన్ని అవివాహితుడు అని మార్చకూడదు.

ఆడవాళ్ల విషయంలో తూకం వేరు

మగవాడికి బ్రహ్మచారి అనేసినంత తేలిగ్గా పెళ్లికాని అమ్మాయిని బ్రహ్మచారిణి అనరు. ఆ మాట నవదుర్గల్లో రెండో రూపానికీ, దీక్ష తీసుకున్న స్త్రీలకూ మిగిలింది. అంటే స్త్రీలింగంలో అసలు అర్థం చెడకుండా ఉంది, పుంలింగంలోనే పలచబడింది. కాబట్టి ‘ముప్పై ఏళ్ల బ్రహ్మచారిణి’ అని వార్తలో రాస్తే ఆమె ఆశ్రమంలో ఉంటుందనుకుంటారు.

కన్య అనే మాట దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. కన్యాదానం, కన్యాశుల్కం అన్నప్పుడు కన్య అంటే పెళ్లికాని పిల్ల. కన్యాత్వం అన్నప్పుడు దేహానికి సంబంధించిన అర్థం. ఒకే పేరాలో రెండూ వచ్చాయంటే ఒకటి మార్చండి. చట్టం, సంక్షేమ పథకాల సందర్భంలో కన్య అని రాయొద్దు, ‘పెళ్లికాని యువతి’ చాలు. పేరు ముందు కుమారి అన్నది పెళ్లి కాలేదని మాత్రమే చెబుతుంది. మగవాళ్లకు అలాంటి సూచనేదీ లేకుండా శ్రీ ఒక్కటే సరిపోతున్నప్పుడు ఆడవాళ్లకు మాత్రం కుమారి, శ్రీమతి ఎందుకని అడిగేవాళ్ల మాటలో న్యాయముంది. వ్యాసాల్లో రెండూ మానేసి పేరు రాస్తే నష్టమేమీ లేదు. అవివాహిత స్త్రీలింగమే కాబట్టి అవివాహితురాలు అని సాగదీయనక్కర్లేదు.

ఒంటరి మహిళ అన్నది ఇంకో పెద్ద గంప. పింఛను పథకాల భాషలో అందులో భర్త వదిలేసినవాళ్లు, భర్తకు దూరంగా ఉంటున్నవాళ్లు, ఒక వయసు దాటినా పెళ్లి కానివాళ్లు అందరూ వస్తారు. దాన్ని అవివాహిత అని మార్చి రాస్తే సగంమంది లెక్కలోంచి జారిపోతారు.

దరఖాస్తులు, అఫిడవిట్లు

ఏ ప్రభుత్వ కాగితమూ మీ బ్రహ్మచర్యం గురించి అడగదు. అడిగేది వైవాహిక స్థితి. 2011 జనగణన గడులు చూస్తే లెక్క తెలిసిపోతుంది: ఎప్పుడూ పెళ్లి కానివారు, ప్రస్తుతం పెళ్లయి ఉన్నవారు, భర్తో భార్యో చనిపోయినవారు, విడిగా ఉంటున్నవారు, విడాకులు పొందినవారు.

గడి నింపే ముందు మిగతా గడులన్నీ చదవండి. ‘సింగిల్’ పక్కన విడాకులకు, వైధవ్యానికి వేరే గడులుంటే ఆ సింగిల్ అంటే ఎప్పుడూ పెళ్లి కానివారని. అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడి ఆదాయపు పన్ను రిటర్నులో చూసే సింగిల్ వేరు. డిసెంబర్ 31 నాటికి విడాకులు వచ్చేసినవాళ్లు కూడా దాని కిందికి వస్తారు. ఒకే మనిషి ఒక కాగితంలో సింగిల్, ఇంకో కాగితంలో డైవోర్స్‌డ్ అని నింపడం అబద్ధం కాకపోవచ్చు. ఆ ఫారం నిర్వచనం ఏమిటన్నదే ప్రశ్న.

ఇక్కడ చెడేవి ఎక్కువగా మూడు. కేసు నడుస్తుండగానే విడాకులు అయిపోయాయనుకుని అవివాహితుడు అని రాయడం మొదటిది. కోర్టు డిక్రీ వచ్చేదాకా మీరు వివాహితులే. జ్యుడీషియల్ సెపరేషన్ ఉత్తర్వు, అంటే విడిగా ఉండొచ్చని కోర్టు ఇచ్చే ఉత్తర్వు, వచ్చినా వివాహితులే. డిక్రీ వచ్చాక కూడా అప్పీలు గడువు ముగిసేదాకా ఆగి మరో పెళ్లి చేసుకోవాలని హిందూ వివాహ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. పెళ్లి రిజిస్టరు చేయించలేదు కాబట్టి పెళ్లి కానట్టే అనుకోవడం రెండోది. అదే 1955 హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం ఇరువైపుల్లో ఒకరి ఆచారం ప్రకారం తంతు జరిగితే చాలు. అందులో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టు. రిజిస్ట్రేషన్ దానికి రుజువు మాత్రమే.

మూడోది సన్యాసం. కాషాయం కట్టి ఇల్లు విడిచినంత మాత్రాన పెళ్లి రద్దు కాదు. జీవిత భాగస్వామి ప్రపంచాన్ని త్యజించి సన్యాసంలో చేరితే దాన్ని కారణంగా చూపి విడాకులు కోరే హక్కును 13వ సెక్షన్ మిగిలినవారికి ఇచ్చింది. వాళ్లు కోరకపోతే ఆ స్వామి పూర్తి బ్రహ్మచర్యంలో ఉంటూ కూడా చట్టం కళ్లలో వివాహితుడే.

విదేశంలో పెళ్లి చేసుకోబోయేవాళ్లను అక్కడి అధికారులు అవివాహిత ధ్రువీకరణ అడుగుతారు. మామూలు దారి ఇది: స్టాంపు కాగితం మీద అఫిడవిట్, నోటరీ, రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే కాగితం వేరే దేశంలో చెల్లేలా వేసే ముద్ర. భారత్ 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది, అందులో లేని దేశమైతే రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. అసలు కీలకం వాక్యంలో ఉంది. ఎప్పుడూ పెళ్లి కానివారు ఇలా రాయాలి: ‘నాకు ఇంతవరకు ఎవరితోనూ ఏ ఆచారం ప్రకారమూ వివాహం జరగలేదు.’ విడాకులైనవారు ఇలా: ‘ప్రస్తుతం నేను ఏ వివాహబంధంలోనూ లేను. నా పూర్వ వివాహం ఫలానా తేదీ డిక్రీతో రద్దయింది.’ డిక్రీ నకలు జతచేయాలి. మొదటి వాక్యాన్ని నమూనాలోంచి యథాతథంగా ఎక్కించి సంతకం పెట్టిన విడాకులవారు తప్పుడు ప్రమాణం చేసినట్టవుతుంది. తెలుగు నమూనాల్లో ‘నేను బ్రహ్మచారిని’ అని కనిపిస్తే కొట్టేయండి. ఆంగ్లంలోకి మార్చేవాళ్లు దాన్ని సెలిబేట్ అని అనువదిస్తే పెళ్లి చేసుకోబోయే మనిషి ప్రమాణపత్రంలో ఆ మాట ఎంత వింతగా ఉంటుందో ఊహించుకోండి.

కుటుంబ పింఛను కాగితాల్లోనూ ఇంతే పట్టింపు. కేంద్ర ప్రభుత్వ నిబంధనల్లో 25 ఏళ్లు దాటిన కూతురికి అర్హత ఇచ్చేటప్పుడు అవివాహిత, వితంతువు, విడాకులు పొందిన కూతురు అని మూడు పేర్లూ విడిగా రాస్తారు. మూడింటినీ కలిపి ‘పెళ్లికాని కూతురు’ అని దరఖాస్తు రాస్తే వెనక్కి వస్తుంది.

పెళ్లి ప్రకటనలు, టులెట్ బోర్డులు

పెళ్లి సంబంధాల ప్రకటనల్లో మాటలు చాలా వరకు స్థిరపడ్డాయి: మొదటి సంబంధం, రెండో సంబంధం, పిల్లలు లేని విడాకులు. ‘ఇన్నోసెంట్ డైవోర్సీ’ అని ఒకటి పుట్టింది. పెళ్లి జరిగింది గాని కాపురం జరగలేదని దాని ఉద్దేశం. మిగతా విడాకులవాళ్లంతా ఏదో నేరం చేసినట్టు వినిపించే మాట అది. ‘విడాకులు, పెళ్లయి ఇరవై రోజులు’ అని రాస్తే అసలు సమాచారం వస్తుంది, ఎవర్నీ కించపరచదు. కాపురం జరగకపోయినా పెళ్లి పెళ్లే, అవివాహితుడు అని వేయించకూడదు. వివాహం చెల్లదని కోర్టు ప్రకటిస్తే అది వేరే సంగతి, అప్పుడూ ఆ మాట దాచకుండా చెప్పడమే మేలు. తర్వాత బయటపడితే మోసం కింద కొత్త పెళ్లే కోర్టుకెక్కుతుంది.

టులెట్ బోర్డు మీది ‘బ్యాచిలర్స్‌కు ఇవ్వబడదు’ అన్నది పెళ్లికి సంబంధించింది కానే కాదు. భార్యాపిల్లల్ని ఊళ్లో వదిలి అమీర్‌పేటలో కోచింగ్ తీసుకునేవాడూ ఇంటి ఓనరు లెక్కలో బ్యాచిలరే. కుటుంబం లేకుండా దిగేవాడని దాని అర్థం. ‘బ్రహ్మచారులకు ఇవ్వబడదు’ అని తెలుగు చేయబోతే నవ్వులాటవుతుంది. ‘కుటుంబాలకు మాత్రమే’ అని రాయండి. అలాగే కుర్రాళ్ల మాటల్లో సింగిల్ అంటే ప్రేమలో లేనివాడు. పెళ్లి ప్రసక్తే లేదందులో.

ఆసుపత్రిలో

ఇక్కడ మాట తప్పితే వైద్యమే దారి తప్పుతుంది. మన దగ్గర స్త్రీల వార్డుల్లో ‘పెళ్లయిందా?’ అన్న ప్రశ్నతోనే శారీరక సంబంధం ఉందా లేదా అన్నది తేల్చేస్తారు. అడిగేవాళ్లకు మొహమాటం, చెప్పేవాళ్లకు భయం. పెళ్లి కాలేదు అనగానే గర్భం అవకాశాన్ని పక్కన పెట్టేస్తారు. పెళ్లయింది అనగానే, భర్త రెండేళ్లుగా దుబాయ్‌లో ఉన్నా, ముందు దాన్నే అనుమానిస్తారు.

స్కానింగ్ గదిలో చూడండి. పొట్ట మీదుగా తీసే స్కానుకు మూత్రాశయం నిండి ఉండాలి, అందుకే నీళ్లు తాగించి కూర్చోబెడతారు. యోని ద్వారా తీసే స్కానుకు ఖాళీగా ఉండాలి. ఏది తీయాలో నిర్ణయించడానికి అవసరమైన ప్రశ్న పెళ్లి గురించి కాదు. నర్సు గానీ డాక్టరు గానీ తలుపు వేసి, వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోమని, ఇలా అడగాలి: ‘చివరిసారి నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా? గర్భం వచ్చే అవకాశం ఏమన్నా ఉందా? ఈ పరీక్ష లోపలి నుంచి చేస్తాం, మీకు అభ్యంతరం ఉంటే పొట్ట మీద నుంచే తీస్తాం.’ ఎక్స్‌రేకు ముందూ అడగాల్సింది ఇదే. పేషెంటు వైపు నుంచి కూడా ఒక ఉపాయం: పెళ్లి గురించి అడిగితే దానికి జవాబు చెప్పి, ‘మీకు కావాల్సింది గర్భం సంగతి అయితే అది వేరేగా చెబుతాను’ అనండి. కేసు షీటులో ఆ రెండూ వేర్వేరు వరుసల్లో ఉండాలి.

చట్టం ఈ విషయంలో ముందే కదిలింది. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణలో ‘వివాహిత స్త్రీ లేదా ఆమె భర్త’ అన్నచోట ‘ఏ స్త్రీ అయినా లేదా ఆమె భాగస్వామి’ అని మార్చారు. 2022 సెప్టెంబర్ 29 తీర్పులో సుప్రీంకోర్టు ఆ విషయంలో వివాహిత, అవివాహిత తేడా చూపకూడదని చెప్పింది. పెళ్లి కాలేదు కాబట్టి సంబంధం ఉండదన్న ఊహ మీద నిబంధన కట్టకూడదనేదే అందులో సారం.

ఆంగ్లం నుంచి తెచ్చేటప్పుడు

సెలిబేట్ అన్న మాట చూడగానే బ్రహ్మచారి అని వేసెయ్యకండి, రచన ఏ కాలానిదో చూడండి. దాని మూలం లాటిన్‌లోని కేలెబ్స్, అర్థం పెళ్లికానివాడు. పాత ఆంగ్ల రచనల్లో సెలిబేట్ అంటే పెళ్లి చేసుకోనివాడనే. దేహసంబంధానికి దూరంగా ఉండేవాడన్న అర్థం తర్వాత బలపడింది. అంటే ఆంగ్లంలో మాట పెళ్లి నుంచి నియమం వైపు జరిగితే, తెలుగులో బ్రహ్మచారి నియమం నుంచి పెళ్లి వైపు జరిగింది. దారిలో ఎదురుపడ్డ రెండు బళ్లలాగా. పందొమ్మిదో శతాబ్దపు పుస్తకంలో ‘అవివాహితుడు’ సరిపోయేచోట ఇప్పటి వ్యాసంలో ‘బ్రహ్మచర్యం పాటించేవాడు’ సరిపోతుంది.

చేస్ట్ (chaste) అన్నది ఈ రెండు అర్థాలకూ వేరైన ఇంకో మాట. దానికి పెళ్లయినవాళ్లూ తగుతారు. ఏకపత్నీవ్రతం, పాతివ్రత్యం, శీలం, సందర్భాన్ని బట్టి వేసుకోవాలి. బౌద్ధంలో ఈ తేడా చక్కగా కనిపిస్తుంది. గృహస్థుల పంచశీలంలో మూడోది తప్పుడు కామాచారం మానమంటుంది. అదే గృహస్థు ఉపోసథం (బౌద్ధుల వ్రతదినం) రోజున అష్టశీలం, అంటే ఎనిమిది నియమాలు, పడితే ఆ మూడోది పూర్తి బ్రహ్మచర్యంగా మారుతుంది. ఇక ఎసెక్సువల్ అంటే నియమం కాదు, లైంగిక ఆకర్షణే కలగని స్వభావం. దానికి బ్రహ్మచారి అని రాయకూడదు, పెళ్లితోనూ ముడిపెట్టకూడదు.

క్రైస్తవ సందర్భంలో శాఖ ఏదో తెలియాలి. రోమన్ కాథలిక్ గురువులు బ్రహ్మచర్యానికి మాట ఇస్తారు. మఠాల్లో చేరేవారు పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు వ్రతాలు పడతారు. లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పాస్టర్లకు పెళ్లి మామూలే, పాస్టరమ్మ లేని సంఘం అరుదు. కాబట్టి ‘క్రైస్తవ మతగురువులు పెళ్లి చేసుకోరు’ అన్న వాక్యం తప్పు. నన్‌ను కన్యాస్త్రీ అంటాం. ఆ మాటలో కన్య ఉంది కదా అని ఎప్పుడూ పెళ్లి కానివారేననుకోవద్దు. అమెరికాలో కన్యాస్త్రీల సంఘం స్థాపించి 1975లో పునీతగా ప్రకటితమైన ఎలిజబెత్ ఆన్ సెటన్ భర్త పోయిన స్త్రీ, అయిదుగురు పిల్లల తల్లి. ఆమె జీవితం రాసేటప్పుడు కన్యాస్త్రీ అని రాయండి, అవివాహిత అని మాత్రం రాయొద్దు.

చివరగా అక్షరాల సంగతి. బ్రహ్మచర్యం సరైనది, బ్రహ్మచార్యం కాదు. బ్రహ్మచారి సరైనది, బ్రహ్మాచారి కాదు. బహువచనం బ్రహ్మచారులు. ‘హ్మ’లో హకారం కింద మ ఒత్తు ఉంటుంది. పలికేటప్పుడు బ్రమ్హ అని వినిపిస్తుంది కాబట్టి మ కింద హ ఒత్తు పెట్టేస్తుంటారు, ప్రూఫు చూసేటప్పుడు అది ఒక్కసారి వెతకండి.